ఊపిరి తెగని స్వరం: పావొలో ఫ్రేజు తరహాలో ట్రంపెట్ సాధన ఎలా చేయాలి

ఇటలీ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు పావొలో ఫ్రేజు కచేరీలో శ్రోతలు ఎదురుచూసే ఘట్టం ఒకటుంటుంది. కుర్చీలో కూర్చుని, ముందుకు ముడుచుకుపోయి, ఒక్క స్వరం పట్టుకుంటాడు. పది సెకన్లు, ముప్పై, నిమిషం, ఆ పైన కూడా. మధ్యలో ఊపిరి తీసుకున్న జాడ ఎక్కడా వినపడదు. హాల్లో చప్పట్లు లేచి సద్దుమణుగుతాయి, స్వరం మాత్రం నిలబడే ఉంటుంది.

ఇదంతా ఊపిరితిత్తుల బలమనుకుని చాలామంది ప్రాణాయామంతో మొదలుపెడతారు. దారి తప్పేది అక్కడే. ఎంత గట్టి ఛాతీ అయినా ఒక్క ఊపిరితో నిమిషం పైన ట్రంపెట్ ఊదడం కష్టం. ఈ విద్యకు కావలసినవి మూడు: బుగ్గల్లో గాలి నిల్వ చేసుకోవడం, ఆ నిల్వ అయిపోయే లోపు ముక్కుతో గాలి పీల్చడం, ఈ రెంటికంటే ముందు చిన్నగా ఊదగలగడం. మూడోది రానివాడికి మొదటి రెండూ రావు. అందుకే ఈ పాఠం శ్వాసతో కాకుండా మ్యూట్‌తో, అంటే నాదం తగ్గించడానికి ట్రంపెట్ నోట్లో పెట్టే బుడ్డితో మొదలవుతుంది.

బి-ఫ్లాట్ ట్రంపెట్ మీద కనీసం ఏడాది సాధన ఉండి, స్టేవ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) రెండో గీత మీది జి స్వరాన్ని మెల్లగా, వణకకుండా 20 సెకన్లు పట్టగలిగేవాళ్లకు ఇది పనికొస్తుంది. అంతకంటే కొత్తవాళ్లు ముందు ఆ 20 సెకన్ల సంగతి చూసుకోండి. రక్తపోటు, గ్లకోమా, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్య కంటికో చెవికో ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు. ట్రంపెట్ ఊదేటప్పుడు కంట్లోనూ పొట్టలోనూ ఒత్తిడి నిజంగానే పెరుగుతుంది.

ఎవరిని అనుసరిస్తున్నారో తెలుసుకోండి

ఫ్రేజు 1961 ఫిబ్రవరి 10న సార్డీనియా ద్వీపంలోని బెర్కిద్ద అనే ఊళ్లో పుట్టాడు. మూడు వేల జనాభా కూడా లేని ఊరు. పదకొండో ఏట ఊరి బ్యాండులో చేరి ట్రంపెట్ పట్టాడు. మన పెళ్లి బ్యాండుల్లో బూర నేర్చుకున్న కుర్రాడి చదువూ, అతని తొలి చదువూ ఒకే తరహా: ఆరుబయట, నడుస్తూ, పదిమందికీ వినపడేలా ఊదడం. జాజ్ ఆ తర్వాత వచ్చింది. 1984లో కాల్యారి సంగీత కళాశాలలో ట్రంపెట్ డిప్లొమా తీసుకున్నాడు. అదే ఏడు సొంత క్వింటెట్ ఏర్పాటైంది: శాక్సఫోన్ తీనో త్రకాన్న, పియానో రొబెర్తో చిపెల్లి, బేస్ అత్తీలియో జాంకి, డ్రమ్స్ ఎత్తొరె ఫియొరవాంతి. జాజ్‌లో బృందాలు ఏడాది తిరక్కుండానే మారిపోతుంటాయి. ఈ ఐదుగురూ దశాబ్దాల పాటు కలిసే వాయించారు. తన స్వరం కింద పియానో ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు ఆగుతుందో ముందే తెలిసి ఉండటం సుదీర్ఘ స్వరం పట్టేవాడికి ఎంత అండో చివరి భాగానికి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

1988లో సొంత ఊళ్లోనే 'టైమ్ ఇన్ జాజ్' ఉత్సవం మొదలుపెట్టాడు. అక్కడి కచేరీలు పెద్ద వేదిక మీదే కాదు, పొలాల్లో, చిన్న చర్చిల్లో, చెట్ల కింద కూడా జరుగుతాయి. 2010లో టుక్ మ్యూజిక్ అనే సొంత రికార్డు సంస్థ పెట్టాడు. 2011లో యాభయ్యేళ్లు నిండిన సందర్భంగా సార్డీనియాలో 50 రోజులు వరసగా 50 కచేరీలు చేశాడు. ఇది ఓపిక గొప్పదనం చాటడానికి చెప్పడం లేదు. పెదాలు చితికిపోకుండా 50 రోజులు వాయించాలంటే గట్టిగా ఊదే పద్ధతి కుదరదు. తక్కువ గాలితో నిండైన నాదం తీసే అలవాటు ఉన్నవాడికే అది సాధ్యం.

ఊపిరి తిప్పుకుంటూ తెంపు లేకుండా వాయించడం ఆ ద్వీపానికి కొత్త కాదు. లౌనెడ్డాస్ అని మూడు రెల్లు గొట్టాల వాద్యం వాళ్లది. ఒక గొట్టం శ్రుతి పడితే రెండు గొట్టాలు పాట పలుకుతాయి. వాయించినంతసేపూ గాలి ఆగకూడదు. ఇలాంటి వాద్యం ఊదుతున్న మనిషి కంచు బొమ్మ ఒకటి ఇత్తిరి దగ్గర దొరికింది, ప్రాచీన నురాగే నాగరికత కాలానిది. నేర్చుకునే పిల్లల చేత స్ట్రాతో నీళ్లలో బుడగలు తీయించడం వాళ్ల పాత పద్ధతి. కింద మీరు చేయబోయేదీ అదే. మన సన్నాయి మేళంలో శ్రుతి పట్టే ఒత్తు వాయించేవాళ్లదీ ఈ విద్యే. శ్రుతి పెట్టెలు వచ్చాక ఒత్తు పట్టేవాళ్లు తగ్గిపోయారు గానీ, మీ ఊళ్లో అలాంటి పెద్దాయన ఎవరైనా ఉంటే వెళ్లి ఆయన బుగ్గల్ని దగ్గరగా గమనించండి. వీడియోల్లో కనపడనిది అక్కడ కనపడుతుంది.

నాలుగు రికార్డులు, ఒక్కోదానిలో ఒక్క పని

అన్నీ వినాలని కూర్చుంటే సాధన మొదలవదు. అతని పేరు మీద వందల రికార్డింగులున్నాయి. నాలుగు చాలు.

1985 నాటి తొలి ఆల్బమ్ 'ఒస్తినాతో'లో మ్యూట్ లేని ట్రంపెట్ వినండి. స్వరాన్ని ఎలా మొదలుపెడుతున్నాడన్నది పట్టుకోండి. ఎన్రికో రావాతో కలిసి చేసిన 1999 ఆల్బమ్ 'షేడ్స్ ఆఫ్ చెట్'లో పని వేరు. రావా 1939లో త్రియెస్తెలో పుట్టినవాడు, ఇటలీ ఆధునిక జాజ్‌కి ట్రంపెట్ పెద్దన్న. ఇద్దరి మీదా అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారులు చెట్ బేకర్, మైల్స్ డేవిస్ నీడ ఉంది. ఏ వాక్యం ఎవరిదో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాకా వినండి. రావా వాక్యం విసురుగా పైకి లేచి పక్కకి జారుతుంది, ఫ్రేజు వాక్యం సమంగా నిలబడుతుంది. మూడోది గిటార్ వాద్యకారుడు రాల్ఫ్ టౌనర్‌తో చేసిన 2009 నాటి 'కియారొస్కూరొ'. డ్రమ్స్ లేవు కాబట్టి గాలి చప్పుడుతో సహా అన్నీ వినపడతాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని స్వరం అంచులు వినండి. నాలుగోది కోర్సికా గాయక బృందం 'ఆ ఫిలెత్తా'తో 2011లో వచ్చిన 'మిస్తికొ మెదిటెర్రానెఒ'. మనుషుల గొంతుల మధ్య ట్రంపెట్ ఇంకో గొంతులా కలిసిపోవాలంటే ఎంత తక్కువ ఊదాలో అందులో తెలుస్తుంది. నన్నడిగితే నాలుగింటిలో ముందు వినవలసింది కియారొస్కూరొనే. దాని తర్వాత మీ సొంత నాదం మీకే మొరటుగా వినిపిస్తుంది. వినిపించాలి కూడా.

హార్మన్ మ్యూట్ పెట్టడం

మ్యూట్లలో రకాలున్నాయి. ఇక్కడ కావలసింది హార్మన్ రకం, కొందరు వా-వా మ్యూట్ అంటారు. అల్యూమినియం బుడ్డి, దాని మెడ చుట్టూ పూర్తిగా కార్కు, మధ్యలో బయటికి లాగగలిగే చిన్న గొట్టం. ఆ గొట్టం తీసి కేసులో పడేయండి. మైల్స్ నుంచి ఫ్రేజు దాకా వినే ఆ సన్నని, లోహపు గుసగుస గొట్టం తీసేసిన మ్యూట్‌దే.

మిగతా మ్యూట్లలో చాలావాటికి కార్కు మూడు చిన్న ముక్కలుగా ఉండి సందుల్లోంచి గాలి పోతుంది. హార్మన్‌కి కార్కు చుట్టూ ఉంటుంది కాబట్టి గాలంతా బుడ్డి లోపలికే వెళ్లాలి. కార్కు ఒక్కచోట అరిగినా, విరిగినా నాదం పలచబడి బొంగురుపోతుంది. పెట్టే ముందు కార్కు మీద నోటితో వెచ్చని ఆవిరి ఊదండి. బెల్‌లోకి (ట్రంపెట్ వెడల్పాటి నోట్లోకి) తోసి, పావు చుట్టు కుడికి తిప్పండి. ఇలా చేస్తే వాయించేటప్పుడు ఊడి పడదు. పొడి కార్కుతో పెడితే మెల్లగా జారి, సరిగ్గా నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట నేల మీద పడి మోగుతుంది.

కొత్త మ్యూట్ లోపలికి సరిపడా వెళ్లకపోతే 220 నంబరు గరుకు కాగితంతో కార్కుని చుట్టూ సమంగా రుద్దండి. నాలుగైదు రుద్దులకోసారి పెట్టి చూడండి. ఎక్కువ రుద్దితే మళ్లీ కొత్త కార్కు అంటించడమే గతి.

హార్మన్ పెట్టగానే శ్రుతి పైకి పోతుంది. ట్యూనర్ ముందు పెట్టుకుని మెయిన్ స్లైడ్ (శ్రుతి సరిచేసే జారుడు గొట్టం) బయటికి లాగండి. చాలా వాద్యాలకు 3 నుంచి 6 మిల్లీమీటర్లు సరిపోతుంది. మీదానికి ఎంతో ఒకసారి చూసుకుని స్లైడ్ మీద పెన్సిల్ గీత పెట్టుకోండి, వేదిక మీద వెతుక్కోనక్కర్లేదు. మ్యూట్ తీసినప్పుడు స్లైడ్ వెనక్కి తోయడం మరిచిపోతే మాత్రం పాటంతా దిగువ శ్రుతిలో నడుస్తుంది.

ఇక ఊదండి. ఎదురు ఒత్తిడి వెంటనే తెలుస్తుంది. సహజంగా ఇంకా గట్టిగా ఊదాలనిపిస్తుంది, ఊదకండి. మ్యూట్ అడ్డుపడటం వల్ల గాలి తక్కువ ఖర్చవుతుంది, అదే మీకు లాభం. రెండో గీత జి స్వరాన్ని మీ పక్కన కూర్చున్నవాడికి మాత్రమే వినపడేంత చిన్నగా పట్టి, ఎంతసేపు నిలుస్తుందో చూడండి. మ్యూట్ లేకుండా 20 సెకన్లు పట్టినవాడు ఇక్కడ 30 దాకా పోవాలి. పోలేదంటే ఇంకా గట్టిగానే ఊదుతున్నారన్నమాట. బ్యాండులో పెరిగిన చేతికి ఈ ఒక్క మెట్టుకే నెల పట్టొచ్చు, తొందరేమీ లేదు.

శ్వాస తిప్పడం

ఇక్కడి నుంచి ట్రంపెట్ కేసులో పెట్టేయండి. ముందు సింకు దగ్గరికి వెళ్లండి.

నోటినిండా నీళ్లు పట్టి బుగ్గలు ఉబ్బించండి. పెదాల మధ్య సన్నని సందు చేసి నీళ్లని దారంలా బయటికి తోయండి. తోస్తూనే ముక్కుతో మామూలుగా ఊపిరి తీసి వదలండి. నీటి ధార ఆగకూడదు, తెగకూడదు. మొదటిసారి చాలామందికి ఊపిరి తీసినప్పుడల్లా ధార ఆగిపోతుంది, ఎందుకంటే బుగ్గలూ ఛాతీ కలిసి పనిచేయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. రెంటినీ విడదీయడమే ఈ మెట్టు పని. ఎవరూ నవ్వించకుండా చూసుకోండి, పొరబోతుంది.

ఇప్పుడు నీళ్లకి బదులు గాలి. నాలుక వెనక భాగం అంగుడికి ఆనితేనే నోరూ గొంతూ వేరవుతాయి, ముక్కు దారి మాత్రం తెరిచి ఉంటుంది. ఎలా ఆనాలో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు: 'అంగ' అనబోయి 'అఙ్' దగ్గరే ఆగిపోండి. నాలుక ఎక్కడుందో గమనించండి, సరిగ్గా అదే చోటు. అక్కడే ఉంచి పెదాలు మూసి, బుగ్గల్లో గాలి నింపి, ముక్కుతో లోపలికీ బయటికీ శ్వాసించండి. బుగ్గలు చెక్కుచెదరకుండా నిమిషం ఉండాలి. ఉబ్బు తగ్గిపోతుంటే నాలుక పూర్తిగా ఆనలేదు.

తర్వాత గ్లాసు, స్ట్రా. పొడుగు గ్లాసులో ముప్పాతిక వంతు నీళ్లు పోసి స్ట్రాని 5 సెంటీమీటర్లు ముంచండి. స్ట్రా ఎంత లోతు మునిగితే అంత ఒత్తిడి కావాలి, కాబట్టి కష్టం ఎంతన్నది మీ చేతిలోనే ఉంటుంది. వరస ఇలా:

1. ఛాతీలోంచి గాలి ఊదుతూ బుడగలు తీయండి. గాలి సగం ఉండగానే, బుడగలు ఆపకుండా, బుగ్గల్ని మెల్లగా నిండనివ్వండి. ఒక్కసారిగా ఉబ్బిస్తే బుడగలు ఆగుతాయి. ఊదే గాలంతా బుగ్గలు నింపడానికే పోతుంది గనక.
2. 'అఙ్' చోట నాలుక ఆనించి, బుగ్గల్ని పిండండి. బుడగలు ఇప్పుడు బుగ్గల గాలితో వస్తాయి.
3. పిండడం మొదలయ్యాకే ముక్కుతో చటుక్కున పీల్చండి. ముందు పిండాలి, ఆ తర్వాతే పీల్చాలి. ఈ వరస తిరగబడితే ఎన్నాళ్లు చేసినా రాదు.
4. బుగ్గల్లో మూడోవంతు మిగిలి ఉండగానే నాలుక దించి ఛాతీ గాలిని అందుకోండి.

మెట్రోనోమ్‌ని (తాళం కొట్టే యంత్రాన్ని) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, నాలుగు దెబ్బలు ఛాతీ గాలి, ఐదో దెబ్బ మీద పిండి పీల్చడం, మళ్లీ నాలుగు. బుగ్గల నిల్వ సన్నగా ఊదితే అర సెకను నుంచి సెకను దాకా వస్తుంది, అంతే. గట్టిగా ఊదితే పావు సెకనులో ఖాళీ. మొదటినుంచీ చిన్నగా ఊదమని అన్నది ఇందుకే.

ఒక్కో కూర్చున్నప్పుడు 5 నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు. బుగ్గ కండరాలకు ఇది కొత్త పని, నొప్పి పుడితే ఆపేయండి. 5 సెంటీమీటర్ల లోతులో 3 నిమిషాలు బుడగలు తెగకుండా వస్తే స్ట్రాని 10 సెంటీమీటర్లకు దించండి. ఆ తర్వాత స్ట్రా కొసని వేళ్లతో చదునుగా నొక్కి దారి సన్నం చేయండి. ట్రంపెట్ పెదాల దగ్గర ఎదురయ్యే అడ్డు దీనికి దగ్గరగా ఉంటుంది. ఇది దాటకుండా వాద్యం ముట్టుకున్నవాళ్లు మళ్లీ గ్లాసు దగ్గరికే వస్తారు.

తల తిరిగితే వెంటనే ఆపి కూర్చోండి. ఇంకో ఇబ్బంది విచిత్రంగా ఉంటుంది: ఛాతీ నిండా గాలి ఉన్నా ఊపిరాడనట్టు అనిపించడం. కొంచెం కొంచెంగా పీలుస్తూ, వాడిన గాలి బయటికి పోకుండా పేరుకుపోవడం దీనికి కారణం. నిండా పీల్చి మొదలుపెట్టేవాళ్లకే ఇది ఎక్కువ. సగం ఊపిరితో మొదలుపెట్టండి, సగానికి సగం అయ్యాక పీల్చండి, చిన్న చిన్న పీల్పులే తీసుకోండి.

బూర మీదికి ఎక్కించడం

మొదట మౌత్‌పీస్ ఒక్కటే. పెదాలు మోగుతుండగా బుగ్గల గాలికి మారి చూడండి. పెద్ద చిక్కు ఇక్కడే వస్తుంది. బుగ్గలు ఉబ్బించవద్దని గురువులు ఊరికే తిట్టరు: బుగ్గ ఉబ్బితే పెదాల మూలలు సడలి స్వరం కిందికి జారుతుంది. కాబట్టి మూలల్ని బిగువుగా ఉంచి, ఉబ్బు మూలల వెనక, దవడ పక్కన మాత్రమే వచ్చేలా అద్దంలో చూసుకుంటూ చేయండి. పై పెదవి కింద గాలి చేరనివ్వకండి. ఈ ఉబ్బు పీల్చే ఆ క్షణం కోసమే. మిగతా వాయింపులో బుగ్గలు మామూలుగానే ఉండాలి, లేకపోతే ఉన్న నాదం కూడా పాడవుతుంది.

ట్రంపెట్‌కి మ్యూట్ పెట్టే మొదలుపెట్టండి. రెండో గీత జి తీసుకోండి. దీనికంటే కింది స్వరాలకు గాలి ఎక్కువ పోతుంది, పై స్వరాలకు ఒత్తిడి ఎక్కువ కావాలి, బుగ్గలు రెంటికీ చాలవు. సూటిగా ఒకే స్వరం మీద ప్రయత్నిస్తే మొదట్లో ప్రతి మార్పూ గతుకులా వినిపిస్తుంది. అందుకని మొదటి వాల్వు నొక్కుతూ వదులుతూ జి, ఎఫ్ మధ్య మెల్లగా ఊగండి. కదిలే స్వరంలో గతుకు దాక్కుంటుంది, మీ చెవి భయపడదు, శరీరం వరస నేర్చుకుంటుంది. నాలుగైదు మార్పులు నిలబడ్డాక ఊగడం నెమ్మది చేస్తూ చివరికి వేలు ఆపేయండి.

ఇక గతుకుల సంగతి. ఫోనులో రికార్డు చేసుకుని వినండి, ఊదుతుండగా మీ చెవి నమ్మదగింది కాదు. పీల్చిన తర్వాత స్వరం ఒక్కసారిగా పెద్దదైతే, ఛాతీ గాలిని ఆలస్యంగా అందుకుని గట్టిగా తోస్తున్నారు. కొంచెం ముందే, మెత్తగా అందుకోండి. పీల్చే ముందే స్వరం తగ్గితే బుగ్గలు ఒక్కసారిగా నింపుతున్నారు. పీల్చే క్షణంలో ట్యూనర్ ముల్లు 10 సెంట్ల (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) కంటే ఎక్కువ కిందికి పోతే పెదాల మూలలు సడలుతున్నాయి. స్వరం పూర్తిగా ఆగి మళ్లీ మొదలైతే నాలుక ఆనడం ఆలస్యమవుతోంది, గాలి ముక్కులోంచి పారిపోతోంది. ముక్కు చప్పుడు రికార్డింగులో గట్టిగా వినపడితే నాసికా రంధ్రాలు విప్పార్చి, గొంతు తెరిచి పీల్చండి. జలుబు చేసిన రోజు ఈ సాధన మానేయండి, బూర తప్పేమీ కాదు.

మరో సంగతి చాలా పాఠాల్లో కనపడదు. ఊపిరి ఆగకుండా నిమిషం దాటితే గొట్టాల్లో తడి చేరి స్వరం అడుగున గుళగుళమంటుంది. ఎంత శుభ్రంగా మార్పు చేసినా ఆ చప్పుడు మొత్తం చెడగొడుతుంది. సుదీర్ఘ స్వరానికి ముందున్న విరామంలో మెయిన్ స్లైడ్, మూడో స్లైడ్ రెండింటి నీళ్లూ తీసేయడం అలవాటు చేసుకోండి.

ఫ్రేజులా ముడుచుకుని కూర్చోవడం మాత్రం ఇప్పుడే కాపీ కొట్టకండి. ముందుకు వంగితే పొట్ట నొక్కుకుపోయి ముక్కుతో పీల్చిన గాలికి చోటు చాలదు. అతనికి అది దశాబ్దాల అలవాటు. మీరు కుర్చీ అంచున వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి, లేదా నిలబడండి.

మ్యూట్‌తో నిమిషం నిలిచాకే మ్యూట్ తీసి చేయండి, గాలి ఖర్చు పెరిగి మళ్లీ కష్టమవుతుంది. ట్రంపెట్ లాంటిదే మరో వాద్యం, ఫ్లూగల్‌హార్న్, ఆ తర్వాత. ఫ్రేజు దాన్ని కూడా సమానంగా వాయిస్తాడు గానీ దాని నాదం మెత్తన కాబట్టి శ్వాస కూడా తేలికనుకుంటే పొరపాటు.

పాటలో ఎక్కడ పెట్టాలి

ఊరికే పట్టిన స్వరం సర్కస్ అవుతుంది. దాని కింద ఏదో కదలాలి. మన కచేరీలో తంబుర నిలబడి ఉంటే దాని మీద రాగం నడుస్తుంది, ఇక్కడ పైన స్వరం నిలబడితే కింద పియానో నడవాలి.

మీరు పట్టిన జి పియానోకి ఎఫ్ అవుతుంది, బి-ఫ్లాట్ వాద్యం రాసినదానికంటే ఒక పూర్తి స్వరం కింద మోగుతుంది కాబట్టి. పియానో వాద్యకారుడికి ఈ కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) వరస ఇవ్వండి, ఒక్కోటి రెండేసి బార్లు, బార్‌కి నాలుగు దెబ్బలు: బి-ఫ్లాట్ మేజర్, డి మైనర్ సెవెన్, జి మైనర్ సెవెన్, ఈ-ఫ్లాట్ మేజర్ సెవెన్, సి మైనర్ సెవెన్. అదే ఎఫ్ మొదటిదానిలో ఐదో స్వరం, రెండోదానిలో మూడోది, మూడోదానిలో ఏడోది, నాలుగోదానిలో తొమ్మిదోది, చివరిదానిలో పదకొండోది అవుతుంది. మీరు ఏమీ మార్చకపోయినా శ్రోతకి ప్రతి రెండు బార్లకూ స్వరం రంగు మారినట్టుంటుంది. పది బార్లు, నిమిషానికి 60 దెబ్బల వేగంలో 40 సెకన్లు. మొదటిసారికి అంత చాలు.

శ్వాస మార్పుని పియానో కార్డు మారే చోటే పెట్టండి. కొత్త కార్డు మోతలో చిన్న గతుకు కలిసిపోతుంది. క్వింటెట్ సభ్యుల మధ్య ఏళ్ల తరబడి పరిచయం అండ అన్నది ఇందుకే: కార్డు ఎప్పుడు పడుతుందో లెక్కపెట్టనక్కర్లేకపోతే మీ మనసంతా శ్వాస మీదే ఉంటుంది. కొత్తవాళ్లతో వాయిస్తుంటే తల ఊపి సైగ చేసే ఒప్పందం ముందే చేసుకోండి.

స్వరంలో కంపం వద్దు. చివరి రెండు బార్లలో మెల్లగా పెద్దది చేయాలనిపిస్తే చివరిసారి పీల్చాక చేయండి. పెరుగుతున్న స్వరం మధ్యలో బుగ్గలకి మారడం అన్నిటికంటే కష్టం. ఒక కచేరీలో ఇది ఒక్కసారే. రెండోసారి చేస్తే జనం గడియారం చూసి లెక్కపెడతారు, పాట వినరు.

మైకు, డిలే

హార్మన్ మ్యూట్ నాదం మైకు లేకుండా మూడో వరస దాటదు. బెల్ అంచుకి బిగించే కండెన్సర్ మైకు వాడితే వంగినా తిరిగినా దూరం మారదు. దానికి మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వేయాలి. స్టాండు మైకైతే మ్యూట్ రంధ్రానికి 2-3 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. 5 దాటితే దిగువ స్వరాల నిండుదనం పోయి రేకు చప్పుడు మిగులుతుంది.

ట్రంపెట్ అట్టడుగు స్వరం దాదాపు 165 హెర్ట్జ్. కాబట్టి హై-పాస్ ఫిల్టర్‌ని (అడుగు చప్పుళ్లని కోసేసేదాన్ని) 120 దగ్గర పెట్టినా మీదేమీ పోదు, వేదిక దడదడ మాత్రం పోతుంది. గెయిన్ ఎక్కువ కావడం వల్ల స్పీకర్ కూయడం మొదలైతే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడ కూస్తోందో వెతికి అక్కడ మాత్రం తగ్గించండి. మొత్తం ట్రెబుల్ దించేస్తే మ్యూట్ పెట్టిన ఫలమే ఉండదు.

ఫ్రేజు ట్రంపెట్‌కి డిలే (స్వరాన్ని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించేది), హార్మొనైజర్ (స్వరానికి తోడు స్వరాలు కలిపేది) లాంటి ఎలక్ట్రానిక్స్ కూడా జోడిస్తాడు. మొదట డిలే ఒక్కటి చాలు. 60 వేగానికి 750 మిల్లీసెకన్లు, ఫీడ్‌బ్యాక్ (ప్రతిధ్వని ఎంత మళ్లీ మళ్లీ రావాలన్నది) 25 శాతం, మిక్స్ (అసలు నాదంలో అది ఎంత కలవాలన్నది) 20 శాతం దగ్గర మొదలుపెట్టండి. వేగం మారితే 45,000ని వేగంతో భాగించండి: 72 అయితే 625. చిన్న వాక్యాలకు ఇది బాగుంటుంది. సుదీర్ఘ స్వరం మీద మాత్రం డిలే కాలితో ఆపేయండి. నిలబడ్డ స్వరం మీద దాని ప్రతిధ్వనే వచ్చి పడితే, శ్రుతి కాస్త జారినా రెండూ కలిసి అలల్లా కొట్టుకుంటాయి. పైగా శ్వాస ఎక్కడ మారిందో మీకే వినపడదు, తప్పు దిద్దుకునే వీలుండదు. కొందరు గతుకులు దాచుకోవడానికే రివర్బ్ పెంచేస్తారు. హాల్లో బాగానే ఉంటుంది, మర్నాడు మ్యూట్ తీసి పొడి గదిలో వాయించి చూస్తే అవన్నీ ఉన్నచోటే ఉంటాయి. రోజువారీ సాధన మటుకు ఏ తీగా తగిలించకుండా, కిటికీ మూసిన గదిలో, పక్కన నీళ్ల గ్లాసు పెట్టుకునే చేయండి. మధ్యలో మార్పు తడబడిన రోజు బూర దింపి, మళ్లీ ఐదు నిమిషాలు స్ట్రాతో బుడగలు తీసి రండి.